తడి చొక్కా

ధర్మవరంలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. నరం చివర నుంచి ఒక రసాయనం వెలువడుతుందనీ, కండరకణం మీద దానికోసమే ఉన్న గ్రాహకానికి తగులుకుంటుందనీ, ఆ కబురు అందగానే కణం ముడుచుకుంటుందనీ బోర్డు మీద బొమ్మ వేస్తాను. పనైపోగానే ఒక ఎంజైమ్ ఆ రసాయనాన్ని ముక్కలు చేస్తుంది. కొన్ని పురుగుమందులు ఆ ఎంజైమ్‌నే పట్టేస్తాయి, ఇక కబురు ఆగదు, కణానికి విశ్రాంతి ఉండదు. ఇదంతా ఏటా చెబుతున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాకోసమే పుట్టి ఉంటుంది.

ఆ ఆదివారం పెనుకొండ దగ్గర మా పల్లెకు పోయాను. ఇంటి వెనక గొర్రెల దొడ్డిలో నాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నోట్లోంచి చొంగ, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చేతి కండ దానంతటదే అదురుతోంది. పక్కన మూత తీసిన పురుగుమందు సీసా ఉంది. ఆ ఏడు మా చెనిక్కాయ పైరు నిలువునా ఎండిపోయింది. మా వైపు పంట ఎండిన ఏడు రైతు పక్కన మందు సీసా కనబడితే ఎవరికీ ఇంకో అర్థం తోచదు. నాకూ తోచలేదు.

"తాగితివా నాయనా?" అని అరిచాను. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. భుజాలు పట్టి కుదిపాను. "చెప్పు, తాగితివా?"

చేను నుంచి అప్పుడే వచ్చిన అమ్మ రొమ్ము బాదుకుంది. "ఎంత పని చేస్తివి సామీ! నాకొక మాటైనా చెప్పకపోతివే!"

పక్కింటాయన ఆటో తెచ్చాడు. దారి పొడుగునా నాయన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఏడుస్తూ, నడుమ కోపంతో అదే మాట మళ్లీ అడిగాను. ఆయన కంటిపాపలు ఆవగింజంతకు కుంచించుకుపోయి నా ముఖంలోకే చూస్తున్నాయి. పెనుకొండ ఆసుపత్రిలో డాక్టరు "ఎంత తాగాడు?" అన్నాడు. "తెలీదు సార్" అన్నాను. తాగాడన్న సంగతి మాత్రం తెలిసినట్టే!

సూది సిద్ధం చేస్తున్న నర్సు ఆగి నాకేసి చూసింది. "ఏమ్మా, నోటికాడ వాసన ల్యా. ఒళ్లంతా వస్తాంది. ఈ చొక్కా ఎందుకింత తడిగా ఉండాది?"

అమ్మ ఆ చొక్కా అంచు పట్టి చూసింది. "జీవాలకు నెత్తురు తాగే గోమార్లు పట్టినాయి, మందు కలిపి కడుగుతానని పొద్దున అన్న్యాడు తల్లీ."

దొడ్డిలో గొర్రెలు తడిసి నిలబడి ఉండడం నేను కళ్లారా చూశాను. మందునీళ్లు వట్టి చేతులతో రుద్దాడు, చొక్కా అంతా తడిసింది, చర్మంలోంచి లోపలికి దిగింది. నేను ఇంట్లోనే ఆ చొక్కా విప్పి సబ్బుతో కడగాల్సింది. దాన్నే ఆయన ఒంటికి అదిమిపెట్టి ఇంత దూరం తెచ్చాను. నేను అడిగిన ప్రతిసారీ విషం ఇంకాస్త ఎక్కుతూనే ఉంది.

బట్టలు తీసేసి ఒళ్లు కడిగారు. విరుగుడుగా అట్రోపిన్ మీద అట్రోపిన్ ఇచ్చారు. అది గ్రంథుల మీది గ్రాహకాలలో ముందే చేరి కూర్చుంటుంది, కబురు వచ్చినా అక్కడ చోటు దొరకదు. చొంగ తగ్గాక హిందూపురానికి పంపారు. అక్కడ మూడు రోజులు ఊపిరికోసం యంత్రం పెట్టారు.

గొట్టం తీసిన మరుసటి రోజు నాయన గొంతు పెగిలింది. చేయి పట్టుకుని, తప్పైపోయింది నాయనా, నాకు అర్థం కాలేదు అన్నాను.

"నువ్వు అడిగిందంతా ఇనపడింది పాపా. నోరే ఆడలా" అన్నాడు. "చచ్చిపోతానని నాకు బయం ల్యా. తాగలేదని నీకు చెప్పకుండానే పోతానేమోనని బయపడినా."