కల్లం దగ్గర మిగిలిపోయిన పదహారు పేజీలు

ఈ దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ ఒక ప్రతి చొప్పున వచ్చి చేరవలసిన పెద్ద గ్రంథాలయానికి నేను అధిపతిని. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాను. ఇంత దూరం ఎలా వచ్చారని ఎవరైనా అడిగితే వరసగా అప్పజెబుతాను. పల్నాడులో గ్రేడ్ త్రీ లైబ్రేరియన్, ఉద్యోగం చేస్తూనే పీజీ, ఆపైన పరీక్షలు, గుంటూరు, హైదరాబాదు, ఢిల్లీ, చివరికి ఇక్కడ. అందులో అబద్ధం లేదు. అన్నిటికంటే ముందున్న మెట్టు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒక మనిషి చేతిలో నుంచి పుస్తకం లాక్కున్నాను. నా ఎదుగుదల అక్కడ మొదలైంది. ఆ పుస్తకంలో ఆమె చదవాల్సినవి ఇంకా పదహారు పేజీలున్నాయి.

నా మొదటి పోస్టింగ్ గురజాల అవతల ఒక చిన్న ఊరు. రెండు గదుల లైబ్రరీ, కింద నాపరాళ్ళు, నాలుగు బీరువాలు, ఒక పొడుగాటి బల్ల. పొద్దున్నే రైతులు వచ్చి పేపరును ఏ షీటుకా షీటు విడదీసి పంచుకునేవారు. సినిమా పేజీ దొరికినవాడు అదృష్టవంతుడు. ధరల పేజీ ఎవరి చేతిలో ఉంటే వాడు పైకి చదవాలి, అది అక్కడి కట్టుబాటు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఇరవై నాలుగేళ్ళ వయసులో నా సంగతీ అంతే. నిశ్శబ్దం పాటించండి అని బోర్డు రాయించి గోడకు కొట్టించాను. మా అటెండరు మేకు కొడుతూ, "ఈ ఊళ్ళో ఇది ఎవరికి చెప్పాలమ్మా?" అన్నాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు.

మిరప కోతలు మొదలయ్యాక మా పుస్తకాలు తెరిస్తే తుమ్ములొచ్చేవి. కల్లాల దగ్గర కాయల్ని ఆరబోసి, రంగు పోయిన తాలుకాయలు ఏరి, తొడిమలు తీస్తారు. ఆ పనికి ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటారు. వాళ్ళలో ఐదో తరగతి దాకా చదివిన ఆమె ఒకతె ఉండేది. నలభై ఏళ్ళుంటాయి. నేను పిన్నీ అని పిలిచేదాన్ని, ఆమె నన్ను అమ్మాయ్ అనేది. వారానికి ఒకసారి వచ్చి లావుపాటి నవల ఏదైనా తీసుకునేది. లావుగా ఉండాలి, ఏడుపు ఉండాలి, అత్తగారు ఉండాలి, ఆమెకు కావలసినవి ఆ మూడే.

ఆ నవలలు ఆమె ఒక్కతే చదువుకోవడానికి కాదని ఒక మధ్యాహ్నం తెలిసింది. ఏదో పని మీద ఆ కల్లం పక్కగా పోతున్నాను. పిన్ని గోనెపట్టా మీద కూర్చుని గొంతెత్తి చదువుతోంది. మిగతావాళ్ళు తలలు వంచుకుని తొడిమలు తీస్తున్నారు. ఆమె ముందున్న గంప కూడా నిండుతోంది. చుట్టుపక్కల వాళ్ళు తలా ఒక దోసెడు అందులో వేస్తున్నారు. చదివే మనిషి గంప మిగతావాళ్ళు నింపాలి, అది వాళ్ళ ఏర్పాటు. పేజీ తిప్పిన చేత్తో మొహం తుడుచుకున్నప్పుడు మంట కంటికి తగిలి నీళ్ళు కారితే, కథకు ఏడుస్తోందనుకుని వాళ్ళూ కళ్ళొత్తుకోవడానికి కొంగులు తీస్తున్నారు. నేను చెట్టు చాటున నిలబడి రెండు పేజీలు విన్నాను. అంత బాగా చదవడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు, రాజధానుల్లో పెద్దపెద్ద సభల్లో కూడా.

అంతా చూసి కూడా ఆ పని చేశాను.

ఆ నెలాఖరులో తనిఖీ పడింది. అధికారి వచ్చి నా కుర్చీలో కూర్చుని రిజిస్టర్లు తిరగేస్తున్నాడు. అప్పుడే పిన్ని వచ్చింది, గడువు అయిపోయిన నవలను ఇంకో వారానికి రాయించుకుందామని. పుస్తకం బల్ల మీద పెట్టింది. అట్ట మీద ఎర్రటి వేళ్ళ ముద్రలు, మధ్యలో ఒక కాగితం ఊడి వేలాడుతోంది. అధికారి దాన్ని తెరిచి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు. కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. తిట్టినా బాగుండేదేమో.

నేను పిన్ని కార్డు తీసుకుని అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి సంతకం చేశాను. పుస్తకాన్ని నా వైపుకు లాక్కున్నాను, చివరి పదహారు పేజీల ముందు ఆమె గుర్తుగా పెట్టిన పుల్ల అందులోనే ఉంది. ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"ఇంకా కొంచెమే ఉందమ్మాయ్. రేపటికి అయిపోద్ది. ఆళ్ళంతా ఏమయిద్దో అని చూస్తా ఉండారు."

"ముందు చేతులు కడుక్కుని పుస్తకం ముట్టుకోవడం నేర్చుకో పిన్నీ," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. అధికారి వినాలని కాస్త గట్టిగానే అన్నాను. పిన్ని తన చేతులు చూసుకుంది. తొడిమలు తీసిన చేతుల మంట నాలుగు నీళ్ళకు పోయేది కాదని నాకు తెలియక కాదు. ఆమె బయటికి వెళ్ళి చెప్పులు తొడుక్కుంటుంటే అటెండరు గుమ్మం దాకా వెళ్ళి ఏదో చెప్పబోయాడు. ఆగకుండా వెళ్ళిపోయింది.

తనిఖీ నోటులో నన్ను గురించి మంచి మాటలు రాశారు. నియమం తప్పని ఉద్యోగి అని. ఆ కాగితంతోనే నాకు గుంటూరు బదిలీ వచ్చింది, చదువుకోవడానికి సెలవూ దొరికింది. వెళ్ళేముందు మనసొప్పక కొత్త కార్డు రాసి అటెండరుతో పంపాను. సాయంత్రానికి అతను దాన్ని తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు. చేతులు కడుక్కున్నాక వస్తానని చెప్పమందట. ఆ నవలైనా పంపుదామని బీరువా తెరిస్తే అది లేదు. చెడిపోయిన పుస్తకాల జాబితాలో నేనే చేర్చి, నేనే సంతకం పెట్టి, పాత కాగితాల తూకానికి అప్పటికే పంపేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

నేనే వెళ్ళి ఆమె ముందు నిలబడవచ్చు. బస్సు ఎక్కేముందు రెండు గంటలు ఖాళీగానే ఉన్నాను. సిగ్గేసింది. తర్వాత ప్రతి ఏడూ ఈసారి వెళ్దామనుకున్నాను. ఏళ్ళు గడిచేకొద్దీ, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదంటే ఏం చెప్పాలన్న సిగ్గు మొదటి సిగ్గుకు తోడైంది. ఉత్త చేతులతో పోకూడదు, ఆ పదహారు పేజీలూ పట్టుకునే పోవాలని ఒక పట్టు పట్టాను. పిరికితనానికి అది మంచి సాకు కూడా.

ఏ లైబ్రరీలో చేరినా మొదటిరోజు అందరూ బొకేలిచ్చి వెళ్ళాక నేను చేసిన మొదటి పని కేటలాగులో ఆ నవల పేరు వెతకడం. గుంటూరులో లేదు. హైదరాబాదులో లేదు. ఢిల్లీలో తెలుగు విభాగమే మూడు బీరువాలు. అది గొప్ప నవలేమీ కాదు. అలాంటివి అద్దె షాపుల్లో నలిగి, చిరిగి, పొట్లాలైపోయాయి. వాటిని దాచాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. నా కుర్చీలు పెద్దవవుతున్నాయి, గదులు చల్లబడుతున్నాయి, నా బల్ల దగ్గరికి ఫైళ్ళు తప్ప పాఠకులు రావడం మానేశారు. చివరిసారి ఒక మనిషికి నా చేత్తో పుస్తకం ఇచ్చి ఎన్నేళ్ళయిందో లెక్క కట్టబోయి భయమేసి ఆపేశాను. మిరపకాయల కాలంలో ఎక్కడ ఎవరు తుమ్మినా గుండె కలుక్కుమనేది.

ఇక్కడికి అధిపతిగా వచ్చాక దొరికింది. కేటలాగుకు ఎక్కని పాత తెలుగు పుస్తకాల కట్టలు కింది అంతస్తులో ఉన్నాయంటే, నెల రోజులు భోజనాల వేళ దిగి వెళ్ళి వెతికాను. పెద్ద మేడం కిందికెందుకు వస్తోందని అక్కడివాళ్ళు కంగారుపడ్డారు. పన్నెండో కట్టలో ఉంది. చట్టప్రకారం ప్రచురణకర్త పంపిన ప్రతి. కొత్తగా, గట్టిగా, ఒక్క మడత లేకుండా. కొన్ని పేజీల అంచులు కోయను కూడా లేదు. ఇన్ని దశాబ్దాల్లో దాన్ని ఒక్కరూ అడగలేదు. ఆ ఊళ్ళో చదివి చదివి చీకిపోయిన పుస్తకం, ఇక్కడ ఎవరూ ముట్టుకోనందుకు క్షేమంగా ఉంది. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను.

ఇక్కడి పుస్తకం గడప దాటకూడదు. చివరి పదహారు పేజీల నకలు కోసం పాఠకురాలిగా నేనే దరఖాస్తు పెట్టుకుని, అధిపతిగా నేనే అనుమతించాను. తర్వాత అటెండరుకు ఫోన్ చేశాను. రిటైరై గురజాలలో కొడుకు దగ్గరుంటున్నాడు. పిన్ని ఉందా అని అడగడానికి నోరు రాలేదు. అతనే చెప్పాడు, ఉందమ్మా, కళ్ళు ఆనటం లేదుగానీ ఇప్పటికీ కల్లానికి పోద్ది అని.

మొన్న ఫిబ్రవరిలో వెళ్ళాను. నరసరావుపేటలో కారు మాట్లాడుకుని, దారిలో అటెండరును ఎక్కించుకున్నాను. కల్లం ఒడ్డున టార్పాలిన్ నీడలో నులకమంచం వేసుకుని పిన్ని కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. ఎవరి ఫోనో పాట పాడుతుంటే నన్ను చూసి ఆపేశారు. కారు దిగగానే నాకు తుమ్మొచ్చింది. పిన్ని నవ్వి, ఎవరో పట్నపోళ్ళంది. అటెండరు చెప్పాడు ఎవరో. పిన్ని మంచం మీద జరిగి కూర్చోమంది.

ఎక్కడ చేస్తున్నావని అడిగింది. దేశంలోకెల్లా పెద్ద లైబ్రరీకి నేనే పెద్దనని చెప్పాను. మనిషికి ఎన్ని బుక్కులిస్తారని అడిగింది. ఇంటికి ఇవ్వరు పిన్నీ, అక్కడే కూర్చుని చదువుకోవాలన్నాను. అయితే కల్లాల మీద పని చేసేవాళ్ళకు కుదరదన్నమాట అంది. ఎత్తిపొడుపేమీ లేదు, తెలుసుకోవడానికే అడిగింది.

నేను క్షమించమని అడిగాను. ఆ రోజు అన్న మాట మళ్ళీ నోటితో చెప్పి మరీ అడిగాను. పిన్ని నా చేయి పట్టుకుని, ఆ మాట అప్పుడు చానా రోజులు మండిందని ఒప్పుకుంది. ఆ నవల చివరి పేజీలు తెచ్చానని కాగితాలు తీస్తే, చదవమంది. ఆడవాళ్ళంతా దగ్గరికి జరిగారు. నేను చదవడం మొదలుపెట్టాను. అనుమానంతో మొగుడు వెళ్ళగొట్టిన ఇల్లాలు, అన్నగారింట్లో బతుకు. చివరి అధ్యాయంలో వానలో తడుస్తూ మొగుడొచ్చి గుమ్మంలో నిలబడతాడు, ఆమె ఏమీ అడగకుండా అతని వెంట వెళ్ళిపోతుంది. సమాప్తం. ఇన్నేళ్ళ బరువూ దిగిపోతుందనుకున్నాను.

ఎవరూ కొంగులు తీయలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అట్టా జరగలేదమ్మాయ్," అంది పిన్ని.

ఆ రోజు ఉత్త చేతులతో తిరిగొచ్చాక వాళ్ళు ఆమె గంప నింపడం మానలేదట. ఏమయింది, ఏమయింది అని అడిగితే ఏం చెప్పాలి? తనే చెప్పిందట. మొగుడు వచ్చాడు, నిజమే. ఆ ఇల్లాలు వెంట పోలేదు. మూడు పంటలు నా చేను చేసి చూపించు, అప్పుడు ఆలోచిస్తానంది. ఆ మూడు పంటల కథకే మూడేళ్ళ కల్లాలు గడిచాయి. తర్వాత బోరు ఎండిపోయింది, అత్త మంచాన పడింది, కూతురు పుట్టింది. ఏటా కల్లం మొదలైతే కథ నిరుడు ఆపిన చోట మొదలవుతుంది. పిన్నికి దగ్గొస్తే కోడలు అందుకుంటుంది. ఈ ఏడు ఆ ఇల్లాలి మనవరాలు గురజాల కాలేజీలో సీటు కోసం పోట్లాడుతోంది.

నేను మంచం మీద నుంచి దిగి గోనెపట్టా మీద కూర్చున్నాను. సాయంత్రం దాకా విన్నాను. ఒకామె ఒక గంప నా ముందుకు తోసింది, చేతనైనన్ని తొడిమలు తీశాను. ఇది ఎక్కడా లేదు, నేను కాపలా కాసే లక్షల పుస్తకాల్లో ఏ ఒక్కదానిలోనూ లేదు, పిన్నితోనే పోతుంది అన్న ఆలోచన వచ్చి ప్రాణం కొట్టుకుపోయింది. బ్యాగులోంచి నోటుబుక్కూ పెన్నూ తీశాను. కాగితం చప్పుడు విని పిన్ని కథ ఆపింది.

"రాసుకోమాక అమ్మాయ్," అంది. "రాసుకుంటే మళ్ళీ రావు."