పీచు గెలిచిన చలికాలం

గడ్డిపరకలో గట్టి పీచును ఉంచి, ఆ పీచుతోనే బతికే కడుపును గుప్పెడంత ప్రాణికి అమర్చిన సృష్టికర్తకు ముందుగా స్తోత్రం. ఆయన జ్ఞానం ఆకాశంలో ఎంత కనిపిస్తుందో మేత గిన్నెలోనూ అంతే కనిపిస్తుందని నా ఉద్యోగం నాకు చూపించింది. ఇందులో ఘనత ఏమైనా ఉంటే అది ఆయనదే. ఇక జరిగిన సంగతి చెబుతాను.

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఒక నవంబరులో, నన్ను గ్రేటర్ నోయిడాలోని ఒక పశు పరిశోధన సంస్థకు కుందేళ్ళ విభాగం ఇన్‌ఛార్జిగా బదిలీ చేశారు. హోదా సీనియర్ వెటర్నరీ ఆఫీసర్. దేశ రాజధానిలోని ఆర్.కె. పురం క్వార్టర్స్ నుంచి ఆఫీసు బస్సులో రోజూ వెళ్ళి వచ్చేదాన్ని. సంస్థ ప్రధానంగా కోళ్ళది. కుందేళ్ళ విభాగమంటే ప్రహరీకి ఆనుకుని ఉన్న ఒక పొడవాటి షెడ్డు. చుట్టుపక్కల ఊళ్ళలో కుందేళ్ళు పెంచుకునే మహిళా సంఘాలకు మేలుజాతి పిల్లలను ఇవ్వడం దాని పని.

నేను చేరేనాటికి ఆ పని ఆగిపోయి ఉంది. పాలు మాన్పించిన పిల్లలు వరసగా చచ్చిపోతున్నాయి. సాయంత్రం గెంతిన పిల్ల తెల్లారేసరికి వీపు వంచుకుని మూల కూర్చునేది. పళ్ళు కొరికేది, పొట్ట ఉబ్బేది, పెంటికలకు బదులు జిగురు పడేది. జనవరిలో సమీక్ష సంఘం వస్తోంది. అప్పటికి చావులు ఆగకపోతే విభాగాన్ని మూసేసి షెడ్డును కోళ్ళకు ఇస్తారు. ఉన్న కుందేళ్ళను ‘డిస్పోజ్’ చేస్తారు. కాగితం మీద మెత్తగా కనిపించే ఆ మాటకు అర్థమేమిటో పశువైద్యులకు తెలుసు.

అంతకుముందు ఇన్‌ఛార్జిలు రోగం కోసం వెతికారు. మందులు మార్చారు, గోడలకు సున్నం కొట్టించారు. నేను మొదటి రోజు మేత బస్తా విప్పి చూశాను. కుందేళ్ళకు పెట్టేది పెల్లెట్. అంటే మేత దినుసులన్నీ పొడిచేసి, ఆవిరి పట్టించి, మర ఒత్తిడితో చిన్న గుళికలుగా తీసినది. పశువు నచ్చింది ఏరుకుని తక్కింది వదిలేయకుండా ప్రతి గుళికలో అన్నీ సమానంగా ఉంటాయి. బస్తా చీటీ మీద మొదటి దినుసు మొక్కజొన్న. ప్రోటీన్ బ్రాయిలర్ కోడికి పెట్టేంత ఉంది. పీచు అంకె వెతికితే అట్టడుగున, చాలా తక్కువగా కనిపించింది.

స్టోర్స్ ఆఫీసర్ సత్యనారాయణగారు కాకినాడ మనిషి. ఈ మేత ఎవరు ఎంపిక చేశారని ఆయన్ని అడిగాను.

“ఎవరూ చెయ్యలేదండీ డాక్టరమ్మగారూ. కోళ్ళ టెండరు కాయితం ఉంది కదా, అందులో ‘కోడి’ కొట్టేసి ‘కుందేలు’ అని రాశారు. ఆ తరవాత డైరెక్టర్‌గారు, పాపం చిన్న ప్రాణులు కదా అని ఇంకాస్త ప్రోటీన్ పెంచారు. బలం కోసమండీ. ఇంకొన్నాళ్ళు పోతే గుడ్లు పెడతాయేమో చూడాలి.”

డైరెక్టర్ మల్హోత్రాగారు కోళ్ళ పోషణలో పేరున్న మనిషి, ఉద్యోగమంతా బ్రాయిలర్లతోనే గడిపారు. కోడి కడుపుకు గింజ కావాలి, పీచు బరువు. కుందేలి సంగతి వేరు. అది తిన్న పీచే దాని పేగులను కదిలిస్తుంది. పీచు తగ్గితే కదలిక మందగిస్తుంది. అరగని పిండి అంధనాళంలోకి, అంటే పేగు మధ్యలో ఉండే పెద్ద సంచిలోకి, చేరి పులుస్తుంది. అక్కడి చెడ్డ సూక్ష్మజీవులకు అది పెళ్ళిభోజనం. పాలు మానిన పిల్ల అవి వదిలే విషాన్ని తట్టుకోలేదు.

కుందేలు నెమరువేస్తుందని మా లేఖనాల్లో ఉంది. కుందేలు ఆవులా నెమరువేయదు కదా అని కాలేజీలో తోటివాళ్ళు దాన్ని పట్టుకుని నన్ను ఆటపట్టించేవారు. నిజానికి కుందేలు అంధనాళంలో తయారైన మెత్తని ఉండలను తెల్లవారుజామున నోటితో అందుకుని మళ్ళీ తింటుంది, ఒకే మేతను రెండుసార్లు అరిగించుకుంటుంది. అది కళ్ళారా చూసిన రోజు నుంచి నేను వాదించడం మానేశాను. అవసరం లేకపోయింది.

మూడు కంపెనీల నమూనా బస్తాలు తెప్పించాను. డైరెక్టర్‌గారి గదిలో వాటిని పరీక్షించాం. మొదట అరచేతిలో నలిపి చూడాలి. పొడి ఎక్కువ రాలితే కుందేలు ఆ పొడిని వదిలేస్తుంది, ముక్కులోకి పోతే తుమ్ముతుంది. తరవాత వాసన. ముక్కిపోయిన వాసన వస్తే బూజు పట్టినట్టే. తయారీ తేదీ పాతదైతే విటమిన్లు తరిగిపోయి ఉంటాయి. చివరికి నేను గ్లాసు నీళ్ళలో నాలుగు గుళికలు వేసి నాననిచ్చి, టీ జల్లెడలో వడకట్టాను.

“చాయ్ బనా రహీ హైఁ, డాక్టర్ సాహిబా?” అన్నారు మల్హోత్రాగారు.

జల్లెడలో మిగిలింది చూపించాను. మిలమిలలాడే ఖరీదైన గుళిక గంజిలా కిందికి దిగిపోయింది. మసక ఆకుపచ్చ రంగులో గరుకుగా ఉన్న మూడో రకం జల్లెడ నిండా గడ్డి పోగులు మిగిల్చింది. దాని చీటీ మీద మొదటి దినుసు ఎండబెట్టిన లూసర్న్ గడ్డి. ప్రోటీన్ మితంగా ఉంది, పీచు దానికి ఏమాత్రం తీసిపోలేదు.

ఆయన దాన్ని వాసన చూసి పక్కన పెట్టేశారు. “మేడమ్, యే తో ఝాడూ హై. చీపురు కట్ట తినిపిస్తే బరువు ఎలా వస్తాయి? సమీక్ష సంఘం ముందు ఎముకల గూళ్ళు నిలబెట్టమంటారా?” అన్నారు.

అప్పుడు నాకు మా లేఖనాల్లో, పరాయి రాజు చెరలో ఉన్న నలుగురు యువకులు గుర్తొచ్చారు. రాజుగారి భోజనం వద్దని, శాకధాన్యాలు పెట్టి చూసి ఆ తరవాత మా ముఖాలు పోల్చుకోండి అన్నవాళ్ళు. చిన్నప్పుడు సండే స్కూల్లో విన్న ఆ సంగతి, పశుపోషణలో మేం చేసే తులనాత్మక పరీక్షే. అదే డైరెక్టర్‌గారికి చెప్పాను. ఒకే ఈతలో పుట్టిన పిల్లలను రెండు వరసలుగా విడదీద్దాం, మీ వరసకు మీ మేత, నా వరసకు నా మేత, నీళ్ళూ పంజరాలూ ఒకటే, చివరికి తూకం మాట్లాడుతుంది అన్నాను. ఆయన పందెం ఇష్టపడే మనిషి. “ఠీక్ హై. మాది రాజభోగ్, మీది ఉపవాసం,” అని నవ్వి సంతకం చేశారు.

ఆ ఆదివారం చర్చిలో మా తెలుగు సంఘంలో ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు నేనూ లేచి నిలబడ్డాను. పక్కనున్న కరుణమ్మ వదిన నా కొంగు లాగి, “కుందేళ్ళ కోసమా వదినా? మా అబ్బాయి ఇంటర్వ్యూ మనవి తరవాత పెట్టించు,” అంది. ఇద్దరికోసమూ ప్రార్థించారు.

మేత ఒక్కసారిగా మార్చకూడదు. పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం పైగా తీసుకున్నాను, కడుపులోని సూక్ష్మజీవులకు అలవాటు పడే వ్యవధి కావాలి. డిసెంబరు మొదటి వారాల్లో నా వరస కుదురుగా ఉంది. పెంటికలు గుండ్రంగా, పొడిగా, పోగులతో పడుతున్నాయి. ఆ పెంటికలను చూసి నేను సంతోషపడుతుంటే సత్యనారాయణగారు, “ముత్యాలేరుతున్నారాండీ?” అనేవారు.

పొగమంచు దిగిన వారంలో, నా వరసలో రెండు పిల్లలు ఒకే ఉదయం చచ్చిపోయాయి. అదే జిగురు, అదే ఉబ్బు. డైరెక్టర్‌గారు స్వయంగా షెడ్డుకు వచ్చారు. “డాక్టర్ సాహిబా, ఉపవాసం మరీ కఠినమైందా?” అన్నారు. షెడ్డును కోళ్ళకు మార్చడానికి ఇంజనీరు కొలతలు తీసుకోవడం కూడా మొదలుపెట్టాడు.

చచ్చిన పిల్లలను శవపరీక్ష బల్ల మీద నేనే కోశాను. జీర్ణాశయం తెరవగానే తీపి వాసన వచ్చింది. ఆకుపచ్చ ముద్ద మధ్య తెల్లని పిండి ముక్కలు, గోధుమరంగు జిగట. నా గుళికల్లో గోధుమపిండి లేదు. బెల్లం అసలే లేదు.

షెడ్డు మనిషి రాంపాల్‌ను పిలిచాను. పెద్దవాడు, దాద్రి దగ్గరి ఊరివాడు. కుందేళ్ళంటే ప్రాణం. అడగగానే దాచలేదు.

“మేడమ్‌జీ, ఠండ్ బహుత్ హై. మా ఇంట్లో చలికాలం గేదెకి కూడా గుడ్, అంటే బెల్లం, పెడతాం, ఒంట్లో వేడి పుడుతుంది. రొట్టెలో బెల్లం చుట్టి, మీ లైనుకి మాత్రమే పెట్టాను.”

“నా వరసకే ఎందుకు భయ్యా?”

“డైరెక్టర్ సాబ్ లైనుకి ముందే తాకత్ ఉన్న దాణా ఉంది కదా. మీవి గడ్డి తింటున్నాయి పాపం. మీ పార్టీ గెలవాలని.” ఆ మాట అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు.

కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. డైరెక్టర్ చేసిందీ, రాంపాల్ చేసిందీ ఒకటే. పుష్టి అంటే వాళ్ళకు తెలిసిన వస్తువులనే ప్రేమగా కుందేలి ముందు పెట్టారు. కుందేలి కడుపుకు ఏం కావాలన్న ప్రశ్న ఇద్దరూ వేసుకోలేదు.

నేరుగా డైరెక్టర్‌గారి దగ్గరికి వెళ్ళి, నా వరసకు గుళికలు కాక వేరేది అందిందని, కనుక ఈ పరీక్ష చెల్లదని చెప్పాను. కొత్తగా పాలు మానబోతున్న పిల్లలతో మళ్ళీ మొదలుపెడతానన్నాను. సమీక్షకు ముందు మిగిలింది ఆ ఒక్క ఈతే. అందులో ఓడితే ఇంకో అవకాశం లేదు.

“పెట్టినవాడిని తీసెయ్యండి,” అన్నారాయన.

షెడ్డులో జరిగినదానికి నిబంధనల ప్రకారం ఇన్‌ఛార్జే జవాబుదారీ అని గుర్తు చేశాను. పైగా రాంపాల్ చెయ్యి తగిలితే ఆ పిల్లలు బెదరవు, అలాంటి మనిషి నాకు దొరకడు అన్నాను. ఆయన షరతు పెట్టారు. “మీరు గెలిస్తే ఉంటాడు. ఓడితే షెడ్డే ఉండదు, ఇక మనిషి ఎందుకు?” అన్నారు. ఒప్పుకున్నాను.

రెండోసారి రాంపాల్‌ను రెండు వరసలకూ కావలి పెట్టాను. చలికి బెల్లం బదులు గోనెపట్టాలు కట్టించాను, పంజరాల్లో కూర్చునేందుకు చెక్క పలకలు వేయించాను. ఎవరైనా చేతిలో రొట్టె ముక్కతో షెడ్డు వైపు వస్తే రాంపాల్ వాళ్ళను గేటు దగ్గరే ఆపేవాడు. ఒకరోజు డైరెక్టర్‌గారు బిస్కట్ తింటూ లోపలికి రాబోతే, “సాబ్, ఖానా బాహర్,” అని చేయి అడ్డం పెట్టాడు. సాబ్ బయటే తినేసి లోపలికి వచ్చారు.

జనవరిలో సమీక్ష సంఘం వచ్చేసరికి డైరెక్టర్‌గారి వరసలో సగం పంజరాలు ఖాళీ. మిగిలిన వాటిలో కొన్ని మూలన వీపు వంచుకుని ఉన్నాయి. నా వరసలో ఒక్క పంజరమూ ఖాళీ కాలేదు. పిల్లలు తలుపు దగ్గరికి తోసుకొస్తున్నాయి. సంఘం అధ్యక్షురాలు రెంటినీ తూకం వేయించారు. బతికి ఉన్నవాటిని మాత్రమే పోల్చినా ‘చీపురు కట్ట’ తిన్నవే బరువు తూగాయి.

ఏ మేత ఇది అని ఆవిడ అడిగారు. నేను నోరు తెరిచేలోగా మల్హోత్రాగారే ముందుకొచ్చారు. “మేడమ్ కీ ఘాస్ జీత్ గయీ. మేడమ్ గడ్డి గెలిచింది, నా రాజభోగ్ ఓడిపోయింది,” అన్నారు. ఆ మాట అందరి ముందు అన్నందుకు ఆయన మీద నాకు ఈనాటికీ గౌరవం. ఆ సాయంత్రమే సత్యనారాయణగారిని పిలిపించి కొత్త స్పెసిఫికేషన్ చెప్పి రాయించారు. మొదటి పంక్తిలో పీచు, మొదటి దినుసు గడ్డి. ఎండుగడ్డి పోగులు మురుగు కాలవలకు అడ్డం పడతాయని అంతవరకూ షెడ్డులోకి రానివ్వలేదు, ఇప్పుడు కాలవలకు జాలీ బిగించి ప్రతి పంజరంలో గడ్డి పెట్టమన్నారు. విభాగం నిలిచింది. రాంపాల్ నిలిచాడు. ఫిబ్రవరిలో మహిళా సంఘాలవాళ్ళు బుట్టలతో వచ్చారు. ఒక్కొక్కరికి పిల్లను అందిస్తూ రాంపాల్ వేలు చూపించి చెప్పేవాడు: “దీదీ, గుడ్ నహీఁ, రోటీ నహీఁ. ఘాస్!”

తరవాతి ఆదివారం మా తెలుగు సంఘంలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పాను. కరుణమ్మ వదిన అందరికంటే గట్టిగా హల్లెలూయా అంది. వాళ్ళబ్బాయికీ ఉద్యోగం వచ్చింది.

ఈ అనుభవం నేర్పింది ఇది. కుందేలికి గుళికలు కొనేవారు ముందు పీచు అంకె చదవాలి, ప్రోటీన్ తరవాత. చీటీలో మొదటి దినుసు గడ్డి కావాలి, గింజ కాకూడదు. రంగు చూసి, తీపి వాసన చూసి మోసపోకుండా నీళ్ళలో నానబెట్టి చూడాలి. మేత మార్చేటప్పుడు తొందరపడకూడదు. గుళికలు ఎంత మంచివైనా పక్కన ఎండుగడ్డి ఉండాలి. పెట్టే చేతికి ప్రేమ ఉంటే చాలదు, తినే కడుపు గురించి తెలియాలి.

ఇక్కడిదాకా చదివిన మీరు నాతో కలిసి ఒక్క మనవి చేయండి. ప్రభువా, మా చేతికింద నీవు ఉంచిన ప్రాణులకు మాకు రుచించేది కాక వాటికి సరిపడేది పెట్టే వివేకం మాకు దయచేయుము. ఆమేన్.