డిగ్లీపూర్‌లో ఉన్న మా నేస్తం

పోర్ట్ బ్లెయిర్ పక్కన గరాచర్మలో మా ఇంటి నుంచి బయల్దేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ఆ ఏడాది సెలవులకు మెయిన్‌లాండ్ వెళ్లే ఓడ టికెట్లు వద్దనుకుని, నా చిన్న కారును నేనే నడుపుకుంటూ ద్వీపాల ఉత్తర కొసన ఉన్న డిగ్లీపూర్ దాకా వెళ్లి రావాలనుకున్నాను. చిన్నప్పుడు పోర్ట్ బ్లెయిర్ బడిలో మేము ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఒకామె నర్సుగా రిటైరై, దారిలోనే ఉన్న రంగత్‌లో ఉంటోంది. ఇంకొకామె పెళ్లి చేసుకుని డిగ్లీపూర్ వెళ్లిపోయింది. ఇద్దరినీ చూసి చాలా ఏళ్లయింది.

జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్లన్నీ వరుసకట్టి పోలీసు జీపు వెనకాల అడవిలోకి కదిలాయి. ఆదిమ తెగవాళ్లుండే ఆ అడవిలో ఎక్కడా ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. అద్దం కొంచెం దించితే తడి ఆకుల వాసన వచ్చింది. పైన కొమ్మల్లో తెల్లారిపోయింది గాని, కింద రోడ్డు మీద మాకింకా తెల్లారలేదు. పొగమంచులో ముందు బండి ఎర్రదీపాలు కనబడుతూ, మాయమవుతూ ఉంటే, కారు నేను నడపడం లేదనీ ఆ దీపాలే నన్ను మెల్లగా లాక్కుపోతున్నాయనీ అనిపించింది. అడవి దాటాక కారును ఫెర్రీ మీదికి ఎక్కించి, దిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. ఆకుపచ్చని నీళ్లు, వాటిలోకి దిగిన మడచెట్ల వేళ్లు. మేం కదులుతున్నామో ఒడ్డే కదిలిపోతోందో తెలియలేదు.

రంగత్‌లో నర్సు నేస్తం చేపల పులుసు వండి, వరండాలో నా కోసం చూస్తూ కూర్చుంది. అన్నం తింటూ, మర్నాడు డిగ్లీపూర్ వెళ్తున్నానని చెప్పాను.

“దానికి పక్షవాతం వచ్చింది, తెలుసా?” అంది.

తెలియదన్నాను.

“కాలూ చెయ్యీ బాగానే తిరిగినాయి. మాటా వచ్చింది. హిందీ మట్టుకు పోయింది.”

“పోవడమేమిటే?”

“పోయిందంతే. తెలుగొకటే వస్తంది. కొందరికి అలగవుతాదని డాక్టర్ చెప్పినాడంట. ఇంట్లో ఒక్కరికీ తెలుగు రాదు కదా, అదీ బాధ.”

మా నేస్తం భర్త బెంగాలీ కుటుంబంవాడు. పెళ్లైన రోజు నుంచీ ఆ ఇంట్లో హిందీయే. పిల్లలకూ అదే. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నర్సు నేస్తం సంచీలో చీరలు సర్దుతోంది.

“నేనూ వస్తన్నాను. ఒక్కదానివీ ఏం నడుపుతావు,” అంది. తనకు కారు నడపడం రాదు.

మర్నాడు ఇద్దరం బయల్దేరాం. కాసేపు సముద్రం రోడ్డుకు ఆనుకునే వచ్చేది, మళ్లీ చెట్ల వెనక్కి తప్పుకునేది. నర్సు నేస్తం నిద్రపోయి, లేచి, “ఇంకా ఉందా?” అని మళ్లీ నిద్రపోయేది. వరిచేలు వచ్చాయి, వాటి వెనక నీలంగా కొండ. వెళ్తున్నది జబ్బు మనిషి దగ్గరికని తెలిసినా మనసు తేలిగ్గా ఉంది. ఆ దారి అయిపోకపోతే బాగుండుననిపించింది.

వక్కతోట మధ్య ఇల్లు. ఆమె వరండాలో కుర్చీలో ఉంది. జుట్టంతా నెరిసింది. మమ్మల్ని కాసేపు అలాగే చూసి, “ఏటే, ఇంత ఆలీసమా?” అంది, నిన్ననే విడిపోయినట్టు.

ఇక ఆగలేదు. మందు చేదన్నది. కోడలు అన్నిట్లోనూ ఆవనూనె పోస్తోందన్నది. వాళ్ల నాన్న వల బాగుచేస్తూ పాడే పాట సగం పాడి, మిగతాది మమ్మల్ని పాడమంది. మాకూ రాలేదు. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆమె భర్త గుమ్మం దగ్గరే నిలబడి వింటున్నాడు. నేను మంచినీళ్లకు లోపలికి వెళ్తే వెనకే వచ్చాడు. “దీదీ, ఏక్ బాత్ పూఛూఁ?” అని, ఒక మాట అడగనా అంటూ మొదలుపెట్టి, హిందీలో నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. రోజూ సాయంత్రమయ్యేసరికి ఆమె తన చెయ్యి పట్టుకుని ‘ఎలిపోదాం’ అంటుందట. బజారులో తెలుగు దుకాణదారుణ్ని అడిగితే, వెళ్లిపోదామని అర్థం చెప్పాడట. ఈ ఇల్లు ఆమెకు పరాయిదైపోయిందేమోనని భయమేసి, ఆపైన ఇంకెవరినీ అడగలేదట.

నేను వరండాలోకి వచ్చి అడిగాను. “ఎక్కడికే ఎలిపోదామంటున్నావు?”

“ఇంకెక్కడికి, సంద్రం కాడికి. ముందర రోజూ తీసికెల్లీవోడు. ఇప్పుడు చీకటడకముందే తలుపులేసేస్తన్నాడు. ఏటైందో ఈ మనిషికి.”

ఆ మాట ఆయనకు హిందీలో చెప్పాను. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, లోపలికి వెళ్లి ఆమె చెప్పులు తెచ్చి పాదాల ముందు పెట్టాడు.

కాలీపూర్ తీరంలో ఇసుక బూడిద రంగులో ఉంటుంది. ఎండ తగ్గి, నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆమె అలల అంచున నడుస్తోంది. ఎదర కనిపించినదాన్నల్లా చూపించి పేరు చెబుతోంది. నీలు. ఇసక. పీత. ఆయన ఒక్కొక్కటే తిరిగి అంటున్నాడు. తప్పు పలికితే ఆమె ఆగిపోయి, సరిగ్గా అనేదాకా అడుగు వేయలేదు. మేమిద్దరం కాస్త వెనకగా, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం.

నర్సు నేస్తం అక్కడే ఉండిపోయింది, ఇంట్లోవాళ్లకు నాలుగు మాటలు నేర్పి వస్తానని. నేనొక్కదాన్నే తిరిగి వచ్చాను.

వానాకాలం వచ్చేసరికి ఆమెకు హిందీ కొద్దికొద్దిగా తిరిగి రావడం మొదలైంది. కోడలితో ఇప్పుడు హిందీలోనే పోట్లాడుతోందట. సాయంత్రాలు భర్తతో మాత్రం తెలుగే. ఆయన ఆమె గురించి చెప్పినా ‘వచ్చాడు, తిన్నాడు’ అనే అంటాడట. మొదట్లో ఆమె దిద్దేది. ఇప్పుడు దిద్దడం మానేసిందని నర్సు నేస్తం ఫోనులో చెప్పింది.