గొలుసుల మధ్య పాత టైర్లు

కొబ్బరికాయల లోడు కట్టడంలో మా మరిదిగారిని మించినవాడు లేడని మా మరిదిగారే చెప్పేవారు. ఆయనకి ఒక చిన్న లారీ ఉండేది. కాయ మూటలు వేసి, తాడు కట్టి, దారిలో ప్రతి టీకొట్టు దగ్గరా ఆగి తాడు మళ్ళీ బిగించేవారు. అది తప్పేం కాదు. కొంత దూరం పోయేసరికి కాయ సర్దుకుంటుంది, తాడు వదులవుతుంది, లాగి కట్టాలి. కోనసీమలో లారీ ఉన్నవాడికి అది ఉగ్గుపాలతో అబ్బే విద్య. అన్నిసార్లు టీ తాగే అలవాటు కూడా దాని పుణ్యమేనని నా అనుమానం.

తొంభై ఆరులో పెద్ద తుఫాను వచ్చిన రెండో ఏడాది, అంటే 1998లో, మాఘమాసంలో ఆ లారీ మీద మొదటిసారి కాయకి బదులు ఇనుము ఎక్కింది. ఆ ఇనుము నాది. తుఫానుకి పడిపోగా మిగిలిన చెట్లు చిన్న కాయ కాస్తున్నాయి. వర్తకుడు వచ్చి, ఆ కాయ చూసి, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చనివాడిలా కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. ఆ కాయ ఎండబెట్టి నేనే నూనె తీయిస్తానన్నాను. కె.గంగవరం వైపు ఒక మిల్లు మూసేస్తుంటే వాళ్ళ పాత నూనె మిషను బేరం చేసేను. మా ఆయన నవ్వేరు. మా పెళ్ళయి అప్పటికి ముప్పై రెండేళ్ళు, ఆ నవ్వుని నేను లెక్కలోకి తీసుకోవడం మానేసి ముప్పై ఒకటి.

"మిషను పగలకుండా వస్తే షెడ్డు నీది. పగిలితే గేదెలది," అన్నారు.

ఊరికే అన్నమాట కాదది. ఆ మిషను ఒళ్ళంతా పోత ఇనుము. పోత ఇనుము వంగదు, సొట్ట పడదు, దెబ్బ తగిలితే పగులుతుంది. పగిలితే అతుకు నిలవదు. అందుకని లారీలో నేనూ బయల్దేరేను. ఆడవాళ్ళు లారీ ఎక్కితే చూడ్డానికి బాగుండదని మరిదిగారు సణిగేరు. ఆ బొజ్జతో మీరు ఎక్కుతుంటే మాత్రం ఏం బాగుందని అడిగేను. మళ్ళీ ఆ ప్రస్తావన రాలేదు.

మిల్లు దగ్గర మరిదిగారు మిషను నాలుగు కాళ్ళకీ నాలుగు గొలుసులు వేసి, ఒక్కో గొలుసులో గునపం దూర్చి మెలితిప్పి బిగించేరు. వేలితో మీటితే మోగేంత బిగువు. మొదటి టీకొట్టు దగ్గర దిగి అలవాటు ప్రకారం ఇంకో మెలిక తిప్పేరు. గొలుసు వదులు కాలేదు కదా, ఎందుకూ అంటే, ఇవన్నీ మీకు తెలియవన్నారు. రెండో టీకొట్టు దగ్గర మరో మెలిక. కాయ అయితే సర్దుకుంటుంది, ఇనుము దేనికి సర్దుకుంటుంది? సర్దుకుపోవడమన్నది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే చేసేదాన్ని.

కోటిపల్లి రేవుకి ఇంకో ఫర్లాంగు ఉందనగా చక్రం గుంతలో పడింది. వెనక టపాకాయ పేలినట్టయింది. ఒక గొలుసు రెండు ముక్కలై, దాని కొస లారీ పక్కచెక్కని చీల్చింది. దిగి చూస్తే మిషను బెత్తెడు పక్కకి జరిగి నిలబడి ఉంది. కాళ్ళు నాలుగూ తడిమి చూసేను. పగల్లేదు.

మరిదిగారు గొలుసుని తిట్టేరు, అది అమ్మినవాణ్ణి తిట్టేరు, రోడ్డు వేసిన కంట్రాక్టరుని తిట్టేరు. తనని తప్ప అందర్నీ తిట్టడం అయ్యేక, ఇంకా లావు గొలుసు తెచ్చి ఇంకా గట్టిగా బిగిస్తానన్నారు. లావు గొలుసు తెగదు సరే, ఆ కుదుపు మరి ఎక్కడికి పోతుంది, తిన్నగా మిషను కాలికేగా అన్నాను. ఆయన వినిపించుకోకుండా డ్రైవరు చేత లారీని మెల్లగా రేవు దాకా నడిపించేరు.

వాహనాల్ని గోదావరి దాటించే పంటు అప్పుడే అవతలి ఒడ్డు నుంచి వస్తోంది. అంత బరువుతో వచ్చి రేవుకి గుద్దుకుంది. పెద్ద చప్పుడేం లేదు. దాని అంచుకి పాత టైర్లు వేలాడదీసి ఉన్నాయి. టైరు నొక్కుకుంది, పంటు ఆగింది, టైరు మళ్ళీ గుండ్రమైంది. అన్నేళ్ళుగా ఆ రేవు దాటుతున్నాను, ఒక్కనాడూ ఆ టైర్ల మొహం చూసిన పాపాన పోలేదు.

"గొలుసు మధ్యలో టైరు పెట్టించండి," అన్నాను.

"టైరు సాగుతుందండీ వదినగారూ."

"సాగాలనే."

డ్రైవరు "ఆయ్, అమ్మగారన్నది బానే ఉందండీ" అని, మరిదిగారి చూపు తగిలి, లారీ అవతలి పక్కకి వెళ్ళిపోయేడు. మరిదిగారి బాధ టైరు సాగుతుందని కాదు. రేవు నిండా తెలిసినవాళ్ళే. లారీకి అలాంటి వేషం వేస్తే రేపు తనకి లోడు ఎవరిస్తారని గొంతు తగ్గించి అన్నారు. నేను లారీ వెనక ఎక్కి మిషను మీద కూర్చున్నాను.

"అయితే నన్ను కూడా దీంతో కలిపి బిగించండి. పగిలితే ఇద్దరం పగుల్తాం."

జనం పోగయ్యేరు. చేపల గంపతో పంటు కోసం నిలబడ్డ ఒకావిడ మరిదిగారితో, "కట్టెయ్యండి బాబూ, ఆవిడ దిగేలా లేరు, పంటేమో ఆగదు," అంది.

రేవులో పంక్చర్లు వేసేవాడి దగ్గర నాలుగు పాత జీపు టైర్లు దొరికేయి. తెగిన గొలుసు ఎలాగూ రెండు ముక్కలే, మిగతా మూడూ వాడే కోసి పెట్టేడు. ఒక ముక్క మిషను కాలి నుంచి టైరుకి, రెండో ముక్క టైరు నుంచి లారీ కొక్కేనికి. టైరు కాస్త కోలగా సాగేదాకా బిగించనిచ్చి చాలన్నాను. ఇంకొక్క మెలిక అన్నారు మరిదిగారు. గునపం తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. పంటు మీద ఎవరో, "ఏమండీ, మిషనుకి దిష్టి తగలకుండానా?" అని అడిగేరు. మరిదిగారు అవతలి ఒడ్డు వచ్చేదాకా గోదావరినే చూస్తూ నిలబడ్డారు.

అవతలి ఒడ్డున ముక్తేశ్వరంలో దిగిన దగ్గర్నుంచి వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. గుంత వచ్చినప్పుడల్లా టైరు కోడిగుడ్డులా సాగేది, గుంత దాటగానే వెనక్కి వచ్చేది. మిషను ఉలిక్కిపడేది కాదు, ఊగి ఊరుకునేది. అమలాపురంలో టీకి ఆగేం. గునపం నా దగ్గరుండటంతో, ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు టీలు తాగేరు.

మా ఊరి కాలవ మీద తూము దగ్గర లారీ ఎంత గట్టిగా పడిందంటే నా తల కేబిన్ కప్పుకి కొట్టుకుంది. ఒక టైరు బాగా సాగింది. గొలుసు మాత్రం తెగలేదు.

షెడ్డు ముందు మిషను దింపేక మా ఆయన పానా పట్టుకుని వచ్చేరు. బిగింపు ఎలా ఉండాలో మరిదిగారు అప్పటికే చుట్టూ చేరినవాళ్ళకి చెబుతున్నారు, టైర్ల ఆలోచన తనకి రేవులో తట్టిందట. నా చెవి మాత్రం పానా మీద ఉంది. పోత ఇనుములో చీలిక ఉంటే కొట్టినప్పుడు చప్పుడు బొంగురుగా వస్తుంది. మా ఆయన మొదటి కాలు మీద కొట్టేరు. గంటలా మోగింది. రెండోదీ, మూడోదీ అలాగే. నాలుగోది గొలుసు తెగిన వైపుది. దాని మీద రెండుసార్లు కొట్టేరు, వంగి చెవి దగ్గరగా పెట్టి మూడోసారి కొట్టేరు. అదీ మోగింది.

ఆయన పానా నేల మీద పెట్టి చేతులు పంచెకి తుడుచుకున్నారు.

"కరెంటు ఆఫీసుకి రేపు వెళ్తాను. షెడ్డుకి కనెక్షన్ ఎవరి పేరు మీద అడగమంటావు?"

నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పేను.