ముగ్గురి కోసం వేసిన వేషం

“ఎంతమంది వచ్చిండ్రే?”

“ముగ్గురే తాతా.”

“అయితే ఏంది? గజ్జెలు కట్టుకో.”

రాసుకో బిడ్డా. దవాఖానా మంచం మీద మా తాతయ్యకూ నాకూ మధ్య జరిగిన చివరి మాటలవి. చూడవచ్చిన చుట్టాలు ముగ్గురని నేను చెబితే, ఆయన ఆట చూడవచ్చినవాళ్లనుకున్నాడు.

నా చిన్నప్పుడు మా తాతయ్య బాగోతాలాడేవాడు. అడవి అంచు గూడేలలో ఆయన వేషం కడితే, నేను వెనక గజ్జెలు కట్టుకుని తాళం వేసేదాన్ని. ఒక ఎండాకాలం పొద్దున్నే బయలుదేరి, నడిచి నడిచి ఒక గూడెం చేరాం. తీరా చూస్తే ఊరు ఖాళీ. బీడీలకు తునికాకు కోసే రోజులని మరిచిపోయి వచ్చాం. కాలూచేయీ ఆడేవాళ్లంతా అడవిలో ఉన్నారు. మిగిలింది ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్లను కాచుకునే ఒక చూపులేని ముసలాయన. సాయంత్రానికి మరో గూడెంలో ఆట ఒప్పుకున్నాం, ఆగడానికి లేదు.

ఆడకుండానే పోదామంటాడని సంబరపడ్డాను. నా అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆయన మాత్రం పెట్టె దించి, అద్దం తీసి, ముఖానికి పచ్చరంగు పూసుకోసాగాడు.

“ఆయనకు కండ్లే లేవు గద తాతా, రంగెవరికి? ఒక్క పాట పాడి పోదాం తియ్.”

“గజ్జెలు కట్టుకో,” అన్నాడు, అద్దంలోంచి చూపు తిప్పకుండా.

కిరీటం, భుజకీర్తులు అన్నీ కట్టాడు. ఒక్క పాటా తగ్గించలేదు. పిల్లల్లో ఒకతి భయపడి ఏడ్చింది, ఇంకొకడు నిద్రపోయాడు. ఆట అయ్యాక ముసలాయన చేతులు చాచాడు. మా తాతయ్య వంగి ముఖం అందించాడు. ఆ వేళ్లు కిరీటం తడిమి, నుదుటి మీదికి దిగి, చెంప దగ్గర ఆగాయి. వేళ్లకంటిన తడిని ముసలాయన బొటనవేలితో రాసి చూసుకున్నాడు.

“నా కోసం గూడ రంగేసుకున్నవా అయ్యా?”

నేను తలొంచుకుని గజ్జెలు విప్పుకున్నాను.

ఇప్పుడు నా గొంతు బొంగురుపోయింది. మా ఆయన పోయాక పక్కన డోలక్ కొట్టేవాళ్లూ లేరు. బడిపిల్లలకు ఆట నేర్పమంటే వారానికోసారి ఆటో ఎక్కి పోతున్నాను. మొదట్లో గది నిండా వచ్చారు, పోయిన వారం నలుగురే. రేపు పోవాలని లేదు బిడ్డా, నిజంగా లేదు. ఒళ్లు అలిసిపోయింది. అయినా ఆ గజ్జెలు తీసి తలగడ పక్కన పెట్టుకున్నాను.

నాకు నాలుగక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం, అందుకే మనవరాలివి నీతో రాయించాను. ఇక చదివి వినిపించు. అట్లా గోడకానుకుని గొణగకు. వినేది నేనొక్కదాన్నే కదా అనుకోకు. లేచి నిలబడి చదువు.