డాక్టరుగారి కోసం లేచిన బంతి

తొంభైల్లో రాజమండ్రిలో పశువుల ఆసుపత్రి అంటే గేదెలకీ ఆవులకీ అనే లెక్క. కుక్కని తీసుకెళ్తే కాంపౌండరు ముందు నవ్వి, ఆ తరవాత చీటీ రాసేవాడు. ఆదివారం మధ్యాహ్నమైతే ఆ నవ్వే మనిషి కూడా ఉండడు.

రోజూ డైరీ రాయడం నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలవాటు. ఆ వేసవి ఆదివారం పేజీలో ఎండ గురించి, కుళాయి రాకపోవడం గురించి వివరంగానే రాశాను. మా కుక్క గురించి మాత్రం రెండు ముక్కలున్నాయి. మిగతాదంతా జ్ఞాపకం మీదే చెబుతున్నాను.

అది తెల్ల పొమేరియన్. కళ్లు తెరవకముందే మా ఇంటికొస్తే, మా ఆవిడ దూదిని పాలలో ముంచి తాగించి పెంచింది. ఆ రోజు దానికి తొలి కాన్పు. పొద్దున్నుంచీ నొప్పులు పడుతోంది. భోజనాల వేళకి పిల్ల వెనక కాళ్లు బయటికొచ్చి అక్కడే ఆగిపోయాయి. కుక్క మూలగడం కూడా మానేసింది.

"ఇది పోయేలా ఉందండీ. ఆటో పిలవండి," అంది మా ఆవిడ. దాన్ని పాత చీరలో చుట్టి అప్పటికే చెప్పులేసుకుంది.

ఆసుపత్రికి తాళం. ఎదురుగా టీకొట్టతను, డాక్టరుగారు గోదావరి గట్టు దగ్గర కల్యాణమండపంలో పెళ్లికెళ్లారని చెప్పాడు. ఆటో అటు తిప్పించాం.

మా ఆవిడని కుక్కతో ఆటోలోనే ఉంచి నేను లోపలికెళ్లేసరికి మొదటి బంతి సగంలో ఉంది. డాక్టరుగారు వరస మధ్యలో కూర్చుని పులుసన్నం కలుపుతున్నారు. మా వైపు పెళ్లి బంతిలో మధ్యలో లేవడమంటే పక్కవాళ్లనీ, పెట్టినవాళ్లనీ అవమానించినట్టే. అది తెలిసినవాణ్ణి కనుక పిలవలేక స్తంభం పక్కన నిలబడ్డాను.

పెళ్లికూతురి తండ్రి నన్ను చూసి చెయ్యి పట్టుకున్నారు. నేనెవరో ఆయనకి తెలీదు.

"అలా నిలబడిపోయారేంటండీ? రండి, ఆ చివర విస్తరి ఖాళీగా ఉంది."

"భోజనానికి కాదండీ. బయట ఆటోలో నొప్పులు పడుతోంది. డాక్టరుగారి కోసం వచ్చాను."

"అయ్యో! మీ అమ్మాయా?"

"మా కుక్కండీ."

బంతి మొత్తం తలెత్తి చూసింది. ఎవరో పొలమారి నీళ్లు అడిగారు. డాక్టరుగారు నన్ను చూసి సగం లేచారు. పక్కనాయన ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఇంకా పెరుగు రాలేదు, కూర్చోండి," అన్నారు. డాక్టరుగారు అటూ ఇటూ కాకుండా ఉండిపోయారు.

వరస మొదట్లో పెళ్లికూతురి తాతగారు కూర్చున్నారు. ఆయన తన విస్తరి వైపు ఒకసారి చూసుకుని, వడ్డించేవాళ్లని పిలిచారు.

"నాకు పెరుగొద్దు. ఔపోసనకి నీళ్లు పొయ్యండి."

పెద్దాయన ఔపోసన పట్టి లేస్తే భోజనం ముగిసినట్టే, అందరూ లేవాలి. "బాబాయిగారూ, నా బూరె ఇంకా నేతిలోనే ఉందండీ!" అని మధ్యలోంచి ఒకాయన మొర పెట్టుకున్నారు.

"సాయంత్రం టిఫిన్లో పది తిందువుగాని. లే."

నవ్వుతూ, సణుగుతూ బంతి లేచింది. డాక్టరుగారు చెయ్యి కడుక్కుని పరిగెత్తారు.

ఆటోలోకి వంగి చూసి తన చేతులు చూసుకున్నారు. "ఇవి గేదెలకి పనికొచ్చే చేతులండీ. అమ్మా, మీరే పట్టుకోవాలి. నేను చెబుతాను."

వంటశాల నుంచి వేణ్ణీళ్లు, కొబ్బరినూనె తెచ్చాను. మా ఆవిడ గాజులు పైకి తోసుకుని చేతులు కడుక్కుంది. "అది ముక్కినప్పుడే కిందికి లాగండి. ఆపినప్పుడు ఆపండి," అంటూ డాక్టరుగారు కుక్క పొట్ట మీద చెయ్యి వేసి ఉంచారు. మా ఆవిడ మెత్తటి గుడ్డతో ఆ కాళ్లు పట్టుకుంది. నేను తల తిప్పుకున్నాను.

మొదటి పిల్లకి ప్రాణం లేదు. డాక్టరుగారు చాలాసేపు రుద్ది, ఇక లాభం లేదన్నట్టు గుడ్డలో పెట్టేశారు. మా ఆవిడ కుక్క తల నిమురుతూ కూర్చుంది. కాసేపటికి రెండోది తనంతట తనే జారి, కీచుమంది.

"ఇక దీనికి భయం లేదమ్మా. మిగతావి ఇంటి దగ్గర ఈనుతుంది," అన్నారు డాక్టరుగారు.

దారిలో మూడోది పుట్టింది. ఇంటి ముందు ఆటో ఆగాక కూడా మా ఆవిడ దిగలేదు.

"కదపకండి. పాలు తాగుతున్నాయి," అంది.

డ్రైవరు ఇంజను ఆపేశాడు.