నేను కోసేసిన నలభై సెకన్లు

2022 వేసవి. ఆదోనిలో నాకు పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. అప్పటికి ఇరవై ఏళ్లుగా అదే పని. ఆ నెలలో ఎమ్మిగనూరులో ఒక పెళ్లి తీశాను. పెళ్లికూతురు సునీత, మగ్గం నేసే ఇంటి పిల్ల. తండ్రి లేడన్నారు. మేనమామే కన్యాదానం చేశాడు.

తలంబ్రాలయ్యాక ఒక హిజ్రా ఒంటరిగా వేదికెక్కింది. చప్పట్లు కొట్టలేదు, ఏమీ అడగలేదు. పెళ్లికూతురి తలమీద అక్షింతలు వేసి, చెంప నిమిరి దిగిపోయింది. మేనమామ మొహం పక్కకు తిప్పుకున్నాడు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. భయపడిందేమో అనుకున్నాను. కెమెరా నా భుజం మీదే ఉంది, అయినా నాకేమీ కనబడలేదు.

తీసినదంతా, అంటే రా ఫుటేజ్, కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్కర్లేనివి కోసేసి పాటలు కలపడాన్ని మేం మిక్సింగ్ అంటాం. నోరు తెరిచి నిద్రపోతున్న పెద్దాయన, ఒలికిపోయిన సాంబారు, దీవించడానికొచ్చిన హిజ్రాలు, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే పోతాయి. ఆ నలభై సెకన్లూ అలాగే తీసేశాను. నెల తిరిగాక, కొత్త పెళ్లిళ్లకు చోటు కావాలని రా ఫుటేజ్ కూడా చెరిపేశాను.

తర్వాత కొన్నాళ్లకు సునీత స్టూడియోకి వచ్చింది.

"అన్నా, మా నాయన వచ్చింది వీడియోలో యాడా కనపడల్యా."

"మీ నాయనా?"

"అక్షింతలేసి పోయినామె. నాకు ఏడేండ్లప్పుడు ఇల్లిడిసి పోయినాడు. ఊర్లో అందరూ ఏమేమో అన్న్యారు. పెండ్లికి మామకు చెప్పకుండా నేనే ఫోన్ చేసి పిలిపించినా. ఈ ఆదివారం మా ఇంటికి వస్తాదంట, మొదటిసారి. ఇద్దరం కూసోని పెండ్లి సినిమా చూద్దామని మాటిచ్చినాన్నా."

"అది తీసిన మెమరీ కార్డు పాడైపోయిందమ్మా" అన్నాను. నా పరువు కాపాడుకోవడానికి నోటికొచ్చిన అబద్ధం అది. ఆ పిల్ల నమ్మి వెళ్లిపోయింది.

ఆదివారం గడిచి సోమవారం, అక్షింతలేసిన ఆమె స్టూడియోకి వచ్చింది. రేణుక అని పేరు చెప్పింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"తలంబ్రాలుండాయి, అప్పగింతలుండాయి. నేను వచ్చిందొక్కటే పాడైపోయిందంటే ఎట్ల నమ్మేదప్పా? అత్తగారింట్లో నామోషీ అని బిడ్డే తీసేయమనింటాది. దాని తప్పు ల్యా. నిజం సెప్పు. అట్లయితే మళ్ల దాని గడప తొక్కను."

ఇంకో అబద్ధానికి నాకు నోరు రాలేదు.

"ఆ బిడ్డకేమీ తెలీదమ్మా. నేనే కోసేసినా. ఎవరో హిజ్రా వచ్చిందిలే అనుకున్యా."

ఆమె ఏడుస్తూ నవ్వింది.

"నువ్వా! నువ్వేనా అప్పా! నువ్వయితే ఏం ల్యాదు. మమ్మల్ని పక్కకు తోసేది అందరికీ అలవాటే. నా బిడ్డ తీయల్యా, అంతే సాలు." రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె ముందే సునీతకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "మా నాయనకియ్యి" అంది. అన్నా అని పిలవలేదు. రేణుకమ్మ ఫోన్ అందుకుని, "వస్తాలే బిడ్డా, మళ్ల ఆదివారం వస్తా" అని పదే పదే చెప్పింది.

ఇప్పుడు మిక్సింగ్‌కి ముందు పెళ్లికూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంటాను. నాకు తెలియని మొహం వచ్చిన ప్రతిచోటా వీడియో ఆపి, వీళ్లు మీకేమవుతారని అడుగుతాను. ఒక్క నిమిషం పని. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు. రేణుకమ్మ కూతురింటికి వచ్చిపోతూనే ఉందట. సునీత పెళ్లి సినిమాలో మాత్రం ఆమె లేదు. ఇక ఉండదు.